మొదటి కయ్య వేలంపాట

ముందుగా ఒక సంగతి ఒప్పుకుంటాను. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం రాదు. ఒడ్డున జెల్ల చేపను చూసి బయలుదేరితే, ఇంటికి చేరేసరికి అది సొర చేప అయి ఉంటుంది. తప్పు నాది కాదు, దారి పొడవుది. మా ఆవిడ దీనికొక పద్ధతి పెట్టుకుంది. నేను ఏం చెప్పినా ముందు సగం తీసేస్తుంది. మిగిలిన దాంట్లో మళ్ళీ సగం తీసేస్తుంది. అప్పటికీ ఏమైనా మిగిలితే పక్కింటావిడను పిలిచి, "నిజమేనా వదినా?" అని అడుగుతుంది. మీరూ అదే పద్ధతిలో చదవండి. ఇందులో పూర్తిగా కల్పించినది ఏదో చివర్లో నేనే చెప్తాను. ఆ ఒక్కటీ పెంచకుండా చెప్తాను.

మా ఊరు వాకాడుకీ సముద్రానికీ మధ్యలో ఉంటుంది. సముద్రం ఎంత దగ్గరంటే, మా మిద్దె మీద ఎండబెట్టే వడియాల్లో ఉప్పు వెయ్యాల్సిన పని లేదు, గాలే వేసి పోతుంది. ఊళ్ళోకి వచ్చే పంట కాలువ మొదట్లో నాకు కాస్త పొలం ఉంది. కాస్త అంటే, మా ఆవిడ పక్కనుంటే మూడెకరాలు, లేకపోతే పదిహేను.

కాలువ మొదట్లో ఉన్నాను కాబట్టి నీళ్ళు ముందు నాకే అందుతాయి. నీళ్ళు ముందు అందితే మడిని బురద చేసే దమ్ము ముందు, దమ్ము ముందైతే నాట్లు ముందు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మా ఊళ్ళో ఒక అలవాటు ఉంది. వరి మడిని మావైపు కయ్య అంటాం. ఆ ఏడు మొదటి కయ్యలో నాటు వేసిన ఆడవాళ్ళకు ఎంత రోజు కూలి ఇస్తే, నాట్లు అయ్యేదాకా ఊరంతా అంతే ఇవ్వాలి. ఇది ఎక్కడా రాసి లేదు, ఎవరూ తీర్మానం చెయ్యలేదు. నాటే ఆడవాళ్ళ ముఠా కయ్యలో కాలు పెట్టే ముందు గట్టు మీద నోటితో తేలాలి, అంతే. తేలాక ఎంత పెద్ద రైతైనా నోరు మెదపడు. అంటే ఏడాదిలో ఒక్క పూట నేను మా ఊరి ఆర్థిక మంత్రిని. ఆ పూట నా కయ్య గట్టుకు ఉన్నంత భద్రత ఢిల్లీలో కూడా ఉండదు.

మొన్న కార్తీకంలో వాయుగుండం పట్టింది. వాన ఎలా కురిసిందంటే, మా ఇంటి ముందు కప్పలు కూడా గొడుగు కోసం చూశాయి. సముద్రం పోటెత్తి పడవలన్నీ ఇసుక మీదికి ఎక్కాయి. పడవలు ఒడ్డున ఉంటే సముద్రం పక్కనున్న జాలర్ల పాళెంలో చేపల పని ఉండదు. అలాంటప్పుడు ఆ పాళెం ఆడవాళ్ళు ముఠా కట్టుకుని నాట్లకు వస్తారు. సముద్రం సర్దుకుంటే మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ ముఠాకు పెద్ద ఒక అక్క. ఒడ్డున చేపల వేలం పాడే కుటుంబం ఆమెది. ఆమె ఇసుకలో నిలబడి "ఒకటోసారి" అంటే కోట ఊరి దాకా వినపడుతుందని ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది నేనే.

ఈ లోపు నా నారు సిద్ధమై కూర్చుంది. నారుకు ఒక వయసుంటుంది. అది దాటితే ముదిరిపోతుంది, తీసి నాటినా పిలకలు వెయ్యదు. మీసాలొచ్చినవాణ్ణి తీసుకెళ్ళి ఒకటో తరగతిలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. నా నారుకు అప్పటికే నూనూగు మీసం మొదలైంది. ఇంకో రెండు మూడు రోజులు ఆగితే పైరు మీద ఆశ వదులుకోవడమే.

ముందురోజు సాయంత్రం మా ఆవిడ చెప్పింది: "వాళ్ళు పోయినేటి మీద వంద ఎక్కువ అడగతారు. ఇచ్చెయ్యి. పొద్దస్తమానం నీళ్ళల్లో వంగేది వాళ్ళు. గ్యాసు పెరగలా, నూనె పెరగలా, ఆటో చార్జీ పెరగలా? బేరమాడమాక."

నాకూ అదే న్యాయం అనిపించింది. వంద ఇస్తే పోయేదేముంది, నారు మట్టిలో పడుతుంది. కానీ ఇవ్వడం నా ఒక్కడి చేతిలో లేదు. నేను మెతక మనిషినని ఊరి రైతులకు గట్టి నమ్మకం. అందుకని నాకు కాపలాగా ఇద్దరు పెద్దమనుషులను పంపారు. ఒకరు మా పెదనాన్న కొడుకు, నాకు అన్న. రెండోవారు మా ఆవిడ అన్న, నాకు బావ. ఇద్దరికీ నా కయ్యకు దిగువనే పొలాలున్నాయి.

అన్నది ఇప్పుడు గద్దె మీదున్న పార్టీ. బావది అంతకు ముందు గద్దె మీదున్న పార్టీ. గద్దె మారినప్పుడల్లా ఈ గుర్తు తారుమారవుతుంది కాబట్టి, మీరు వాళ్ళను గొంతుతో గుర్తుపెట్టుకోండి. అన్నది లారీ హారను. బావది నూనె వెయ్యని బోరింగు. ఇద్దరూ మేనత్త మేనమామ పిల్లల వరసలో ఒకరినొకరు "బావా" అని ఆప్యాయంగా పిలుచుకుంటారు, ఆ తర్వాత తిట్టుకుంటారు. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్న దాంట్లో కూడా వీళ్ళకు ఏకాభిప్రాయం లేదు. మా హయాంలో ఇంకాస్త ముందు పొడిచేవాడని బావ వాదన.

అలాంటివాళ్ళు ఒక్క విషయంలో మాత్రం ఒకటయ్యారు. పోయినేటి మీద కూలి యాభై కంటే ఎక్కువ పెరగకూడదు. రాష్ట్రంలో ఏ ఎన్నికలోనూ కుదరని పొత్తు నా కయ్య గట్టు మీద కుదిరింది.

తెల్లవారగానే పాళెం నుంచి ఆటో వచ్చింది. అందులోంచి దిగిన ఆడవాళ్ళను చూస్తే, లోపల ఇంకో ఆటో ఉందేమో అనిపించింది. దిగుతూనే ఉన్నారు. దిగాక ఆటో వెళ్ళిపోలేదు, ఇంజను ఆపకుండా నిలబడింది. ఏమిటని అడిగితే ముఠా అక్క చెప్పింది:

"గూడూరు తట్టు నిమ్మతోటలో కాయలు కొయ్యడానికి రమ్మని కబురొచ్చిందన్నా. ఈడ తేలకపోతే అట్టే పోతాం."

నా నారు వైపు చూశాను. గాలికి ఊగుతూ అది నన్నే చూస్తున్నట్టుంది.

"ఎంతంటారక్కా ఈ ఏడు?" అన్నాను.

"పోయినేటి మీద వంద వెయ్యన్నా. ఇప్పుడే దిగతాం."

నేను నోరు తెరిచేలోపే అన్న హారను మోగింది. "వందా! ఏందమ్మా, వందలు కాలవలో కొట్టుకొస్తుండాయా? యాభై. అంతకు మించి లేదు."

"యాభైయే," అన్నాడు బావ. "బావ చెప్పిందే నేనూ చెప్తుండా."

వీళ్ళిద్దరూ ఒకే మాట అనడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. కయ్యలో పురుగులు ఏరుకుంటున్న కొంగలు కూడా తలెత్తి చూశాయి.

"మీరిద్దరూ ఒక్కమాట మీద ఉండారంటే మాకేందో మూడినట్టే," అంది ముఠా అక్క. ముఠా అంతా పకపకా నవ్వింది. "పోదాం పదండే. నిమ్మచెట్లన్నా ముళ్ళు చూపించి గుచ్చతాయి." అందరూ ఆటో వైపు తిరిగారు. ఆటో అబ్బాయి గేరు వేశాడు. ఆ గేరు చప్పుడు నా గుండెలో పడింది.

సరిగ్గా అప్పుడు టీ వచ్చింది. మా టీ బంకు టీ ఎంత చిక్కగా ఉంటుందంటే, గ్లాసు తలకిందులు చేసినా దిగడానికి అది కాసేపు ఆలోచిస్తుంది. గ్లాసు చేతిలోకి తీసుకుని, ఊరికే పొద్దుపోక అడుగుతున్నవాడిలా అడిగాను:

"ఇది నాకు తెలవక అడుగుతుండా. ఇంతకీ కూలోళ్ళకు ఎవరి హయాంలో ఎక్కువ పెరిగిందంటారు?"

పొత్తు అక్కడికక్కడే విరిగింది. విరిగిన చప్పుడు ఎక్కడో ఉత్తరాన ఉన్న బోగోలులో కూడా విన్నారట.

"అది అడగాల్నా బావా?" అన్నాడు మా బావ నాతో. "మా వాళ్ళు ఉన్నప్పుడు నిండుగా ఏటికి యాభై పెరిగింది."

"యాభైయేనా!" అన్న టీ గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. "ఒరే తమ్ముడూ, విన్నావుగదా? యాభైయ్యంట. మా వాళ్ళొచ్చినాక డెబ్బై ఐదుకు తక్కువ పెరిగిన ఏడు చూపించమను."

"యాడ పెరిగింది బావా? కలలోనా?"

"మనూళ్ళో! ఈ కయ్యలోనే!"

"అట్టయితే రాసుకో. మా హయాంలో కరువొచ్చిన ఏడు కూడా ఎనభై పెంచినాం. వానలు పడిన ఏడు సంగతి ఇంక చెప్పబళ్ళా."

ఆటో ఎక్కబోతున్న ముఠా అక్క ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి ఆగింది. తల తిప్పి ఆటో అబ్బాయితో మెల్లగా, అంటే కోట దాకా వినపడేటట్టు అంది: "ఇంజను ఆపు అబ్బయా. పాట మొదలైంది."

ఆడవాళ్ళంతా గట్టు మీద సర్దుకుని కూర్చున్నారు. ఎవరో ఆకూ వక్కా తీశారు.

"పెరగడం ఒకటే కాదు," అన్నాడు బావ, వాళ్ళు కూర్చోవడం చూడకుండానే. "ఆ కూలికి ఏం వచ్చేదో చూడాల. మా హయాంలో ఒక్క రోజు కూలి పెట్టి వంజరం లాంటి ఖరీదు చేప కొనుక్కుని ఇంటికి పొయ్యేవాళ్ళు. ఇప్పుడు చిన్న కవళ్ళన్నా వస్తాయా?"

"ఏ ఏడన్నా నువ్వు వంజరం కొనింది?" అని ముఠా అక్క అందుకుంది. "మా ఇంటికాడికొచ్చి గుప్పెడు నెత్తళ్ళకే పొద్దు గూకేదాకా బేరమాడతావే!"

బావ వినిపించుకోలేదు. వినిపించుకునే స్థితి దాటిపోయాడు. మా నెల్లూరోళ్ళకు కోపం వస్తే ఏదో ఒక దగ్గర దిగుతుంది. గొప్పలు చెప్పుకునే ఎచ్చులు వస్తే మాత్రం ఆకాశం అడ్డం రావాల్సిందే.

"వంద!" అన్నాడు అన్న. "మా హయాంలో ఏటికి వంద!"

"వందంటే మేం అధికారంలోకి వచ్చిన మొదటేడే దాటేసినాం. నూట ఇరవై ఐదు!"

"చెప్పుకోడానికి సిగ్గుండాల బావా. అన్ని ఏళ్ళు ఉండి నూట ఇరవై ఐదా? నూటయాభై మాది!"

లారీ హారను ఆఖరి మోత అది. దానికి మా పక్క ఊరి గేదెలు తాళ్ళు తెంపుకున్నాయని తర్వాత తెలిసింది. బావ నోరు తెరిచాడు. బోరింగు కొట్టినట్టు రెండుసార్లు గాలి వచ్చింది, నీళ్ళు రాలేదు. ఇంకా పైకి పోవడానికి ఊపిరి తీసుకుంటున్నాడు.

ఆ సందులో ముఠా అక్క లేచింది. చీర కొంగు నడుముకు చుట్టింది. ఒడ్డున చేపల గంప ముందు నిలబడినట్టు నిలబడి, చెయ్యెత్తింది.

"నూటయాభై! ఒకటోసారి!"

అప్పుడు అర్థమైంది ఇద్దరికీ. అన్న ముఖం చూస్తే, వల లాగితే లోపల తనే ఉన్నట్టు ఉంది.

ఇక్కడ నా పాత్ర కూడా చెప్పుకోవాలి. రైతుల తరఫున నేను లేచి నిలబడ్డాను. ఎరువుల ధరలు, డీజిలు ధరలు, వాయుగుండాలు, ఎలుకలు, ఏదీ వదలకుండా గంటసేపు అనర్గళంగా మాట్లాడాను. "అక్కా, రైతు అనేవాడు బతకాలా వద్దా?" అని నేను గర్జించేసరికి కొంగలు లేచిపోయాయి, ఆటో అద్దం వణికింది, ఒకరిద్దరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. అంత చెప్పినా ముఠా అక్క చెయ్యి దించలేదు.

"అమ్మా, నేను చెప్పింది గవర్నమెంటు సంగతి," అన్నాడు అన్న, గొంతు సైకిలు బెల్లంత చేసుకుని. "నా జేబు సంగతి కాదు."

"గవర్నమెంటు నాకు యాడ కూలి ఇచ్చిందన్నా?" అంది ముఠా అక్క. "వాళ్ళు గద్దె మీద ఉన్నా, వీళ్ళు గద్దె మీద ఉన్నా, ఈ గట్టు మీద నాకు డబ్బులిచ్చేది మీరేగదా. మీరు పెంచితేనే మీ పార్టీ పెంచినట్టు. నూటయాభై! రెండోసారి!"

"బావా, నువ్వు కొంచెం తగ్గు," అన్నాడు బావ, అన్న చెవిలో. ఆ గుసగుస కయ్య అవతలి గట్టుకు వినపడింది.

"నేనెందుకు తగ్గాల? నేను తగ్గితే మా వాళ్ళు తక్కువ పెంచినట్టేగదా. నువ్వు తగ్గు."

"నేను నూట ఇరవై ఐదు కాడే ఉండా. ఇంకా తగ్గితే ఊళ్ళో మా వాళ్ళకు మొహమెట్టా చూపించేది?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. యాభై అన్న మాట పొద్దున తమ నోటి నుంచే వచ్చిందన్నది ఇద్దరికీ గుర్తు లేదు. గుర్తున్నా ఇక దాని దగ్గరికి పోవడానికి దారి లేదు. యాభై అంటే ఎదుటివాడి పార్టీ గెలిచినట్టే.

ముఠా అక్క మూడోసారి అనలేదు. ఆమె నా నారుమడి వైపు చూసింది, కింద ఉన్న ఖాళీ కయ్యల వైపు చూసింది. కూలి మరీ ఎక్కువైతే వచ్చే ఏడు రైతులు నాటే మిషను తెస్తారన్న సంగతి గట్టు మీద అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. ఎత్తిన చెయ్యి దించి, కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది.

"నూటయాభై మాకొద్దులే అన్నా. పొద్దున అడిగింది వంద, ఆ వందే ఇవ్వండి. మిగిలిన యాభై మీ పార్టీలకు వదిలేస్తుండాం. చెరి సగం పంచుకుని పోస్టర్లు వేసుకోండి."

గట్టు మీద లేచిన నవ్వుకు కాలువలో నీళ్ళు ఒక జానెడు పొంగాయి. అన్న, బావ ఇద్దరూ ఒకేసారి "సరే" అన్నారు. ఉరి తప్పినవాడి "సరే" అది. ఆటో వెళ్ళిపోయింది. చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని ముఠా కయ్యలోకి దిగింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. పది అడుగులు నాటారో లేదో, వెనక నుంచి మళ్ళీ హారను.

"వంద అని ముందు అన్నది నేను బావా. గుర్తుపెట్టుకో. వంద మా వాళ్ళది."

"నీ వంద తర్వాత నూట ఇరవై ఐదు నాది. నూట ఇరవై ఐదులో వంద లేదా? అది మాది."

"ఎట్టా అవుతుంది?"

"ఎట్టా కాదు?"

నడుం వంచిన చోటే తల తిప్పి ఒకామె కేక వేసింది: "అయ్యా పెద్దమనుషులూ, ఆడ నిలబడి అరిచేదానికి బదులు నారు కట్టలన్నా అందించకూడదా? మా చేతులు ఖాళీగా ఉండాయి!"

నేను నా కళ్ళతో చూశాను. పంచెలు ఎగ్గట్టి ఇద్దరూ బురదలో దిగారు. అన్న ఒక పక్కనుంచి, బావ ఒక పక్కనుంచి నారు కట్టలు విసిరారు. ఒక్కో కట్టతో పాటు ఒక్కో ప్రభుత్వం కూడా వచ్చి పడింది. "ఇదిగో రోడ్లు మావి!" అని ఒకటి. "ఆ రోడ్లకు గుంతలు మీవి!" అని ఇంకొకటి. ఒక కట్ట ముఠా అక్క వీపు మీద పడింది. "ఇది ఏ పార్టీదన్నా?" అంది ఆమె, లేవకుండానే. ఎవరూ తమదని ఒప్పుకోలేదు.

మధ్యాహ్నానికి మొదటి కయ్య పచ్చబడింది. నిన్నటిదాకా ఒక మూల గుంపుగా నిలబడి ముదిరిపోతున్న నారు ఇప్పుడు కయ్యంతా విడివిడిగా, నీళ్ళలో తన నీడ చూసుకుంటూ నిలబడింది. ఆ పచ్చదనానికి కళ్ళద్దాలు లేకుండా చూడలేకపోయాను. నాకు కళ్ళద్దాలు లేవు, అందుకని మా బావవి అడిగి తీసుకున్నాను.

మా ఆవిడ అన్నం క్యారియరు తెచ్చింది. సముద్రంలో వేట లేదు కాబట్టి ఎండు నెత్తళ్ళు, వంకాయ వేసి పులుసు పెట్టింది. దాని వాసనకు దారినపోయే బస్సు కాసేపు ఆగిందంటే మీరు నమ్మరు, నమ్మొద్దు. అందరం గట్టు మీద కూర్చున్నాం. బురద చేతులు కడుక్కుని అన్న, బావ పక్కపక్కనే కూర్చున్నారు.

"ఎంతకు తేలింది?" అని అడిగింది మా ఆవిడ.

"వంద," అన్నాను.

"పర్వాలేదే! ఎవరు పెంచినారు?"

పులుసు చేతులు రెండు ఒకేసారి లేచాయి.

ఆ తర్వాత నాట్లు అయ్యేదాకా ఊళ్ళో కూలి గురించి ఒక్క గొడవ రాలేదు. మామూలుగా ఏదో ఒక గట్టు మీద రోజూ పేచీ ఉంటుంది. ఈసారి అన్న పార్టీ రైతులు వందను మా ఘనత అని ఛాతీ విరుచుకుని ఇచ్చారు. బావ పార్టీ రైతులు, మా వాళ్ళుంటే నూట ఇరవై ఐదు వచ్చేది, పాపం మీకు వందే వచ్చింది అని ముఠా మీద జాలిపడుతూ ఇచ్చారు. ఎవరు ఎలా ఇచ్చినా వంద వందగానే ముఠా చేతికి చేరింది. సముద్రం సర్దుకునే వేళకు మా ఊరి కయ్యలన్నీ నిండాయి. పాళెం ఆడవాళ్ళు తిరిగి చేపల దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ముఠా అక్క మా ఇంటికి వచ్చి, ఈసారి వేటలో మంచి చేప పడితే పంపిస్తానంది. పంపించింది కూడా. అది ఎంత పెద్దదంటే... వద్దులెండి, మా ఆవిడ పక్కనే ఉంది.

ఎవరి హయాంలో కూలి ఎక్కువ పెరిగిందని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు తెలియదనే చెప్తాను. వాళ్ళు ఐదేళ్ళకొకసారి మారతారు, మాకు నాట్లు ఏటా వస్తాయి. ఆ రెండు లెక్కలూ కలపడం నా వల్ల కాదు. కానీ ఆ ప్రశ్న అడగాల్సిన చోటు మాత్రం నాకు తెలిసింది. అది టీవీలో కాదు, ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఇద్దరూ నిలబడిన గట్టు మీద అడగాలి. వచ్చే కార్తీకానికి మళ్ళీ అడుగుదామని ఉంది. ఈసారి పింఛన్ల సంగతి కూడా కలిపి.

ఇక మాట ఇచ్చాను కదా, కల్పించింది చెప్పాలి. గేదెలు తాళ్ళు తెంపుకోవడం, బస్సు ఆగడం, కాలువ పొంగడం, ఇవన్నీ ఉన్నదాన్ని కాస్త సాగదీయడమే, కల్పన అనను. పూర్తిగా లేనిది ఒక్కటే. రైతుల తరఫున నేను చేసిన ఆ గంటసేపటి ఉపన్యాసం. నేను లేవనూ లేదు, గర్జించనూ లేదు, కొంగలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఊళ్ళో రైతులు ఇది చదువుతారు కాబట్టి, నేనూ ఏదో పోరాడానని అనుకోవాలని రాశాను. ముఠా అక్క "ఒకటోసారి" అన్నప్పుడు నా నోట్లో టీ ఉంది. మింగితే నవ్వొచ్చేస్తుందని మింగలేదు. వంద దగ్గర తేలేదాకా అలాగే పుక్కిట పట్టుకుని కూర్చున్నాను.